ఊడ్చే ముందు రాసుకున్నవాళ్లు

హైదరాబాద్ అల్లర్ల మీద వచ్చిన రాతలు నేను చాలానే చదివాను. 1978లో నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో రమీజాబీకి, ఆమె భర్తకు జరిగిన ఘోరం మీద జస్టిస్ ముక్తదర్ కమిషన్ విచారణ జరిపింది. 1990 డిసెంబర్ అల్లర్ల తర్వాత సుధీర్ కాకర్ వచ్చి, పార్దీవాడలోని పార్దీలతో, కార్వాన్‌లోని ముస్లింలతో మాట్లాడి, మనుషుల మనసుల్లో ఏం జరుగుతుందో పుస్తకం రాశారు. 2002లో అశుతోష్ వార్ష్ణేయ్ మన ఊరిని లక్నోతో పక్కపక్కన పెట్టి చూశారు. ఎవరు మొదట రాయి విసిరారు, పుకారు ఎక్కడ పుట్టింది, పోలీసులు ఎప్పుడు వచ్చారు అన్న సంగతులు ఇలాంటి రాతల్లో దొరుకుతాయి. కర్ఫ్యూ సడలించిన పొద్దున గల్లీలోకి మొదట చీపురు పట్టుకుని వచ్చింది ఎవరన్నది మాత్రం నాకు ఎక్కడా కనపడలేదు. ఈ పుస్తకం అక్కడ మొదలవుతుంది.

రచయిత్రి మా అలియాబాద్ పిల్ల. వాళ్ల నాన్న నా దగ్గర తెలుగు చదువుకున్నాడు. ఆమె ఉద్యోగం నగరానికి ఆ చివర, మాదాపూర్‌లో. శని, ఆదివారాలు పాతబస్తీకి వచ్చి శాలిబండ, సుల్తాన్ షాహీ, గౌలిపురా, లాల్ దర్వాజ, మొఘల్‌పురా గల్లీల్లో తలుపులు తట్టి, ఆనాటి సంగతులు గుర్తున్న పెద్దవాళ్ల దగ్గర కూర్చుంది. ఒకరోజు నాతో అంది: "సార్, గొడవ ఎట్ల అయిందో అడిగితే అందరూ గడగడ చెప్తున్నరు. తెల్లారి మీరేం చేసిన్రని అడిగితే మాత్రం కొంచెంసేపు ఊకుంటున్నరు. ఆ ఊకున్నంక చెప్పేదే నాకు కావాలె." ఆ మాట విన్నాకే ముందుమాట రాస్తానని ఒప్పుకున్నాను.

1990 చలికాలం ఇప్పటి పిల్లలకు తెలియదు కాబట్టి కొంచెం చెప్పాలి. రథయాత్రతో, అయోధ్య వేడితో దేశమంతా ఉడుకుతున్న రోజులు. డిసెంబర్ మొదట్లో పాతబస్తీలో కత్తిపోట్లు మొదలయ్యాయి. వందకు పైగా ప్రాణాలు పోయాయి. ఆ నెల 17న ముఖ్యమంత్రి కూడా మారారు. మర్రి చెన్నారెడ్డి దిగిపోయి నేదురుమల్లి జనార్దనరెడ్డి వచ్చారు. మాకు మాత్రం లోకమంతా గల్లీ మూల మీద నిలబడ్డ జవాన్ల బూట్ల చప్పుడే. పాలలో విషం కలిపారట, నీళ్ల ట్యాంకులో ఏదో పోశారట అన్న మాటలు గోడలు దాటి వచ్చేవి. సడలింపు ఇచ్చిన గంటో రెండు గంటలో పాలు, గోధుమపిండి, కిరోసిన్, మందులు తెచ్చుకోవాలి. మగవాళ్లు బయటికొస్తే లాఠీ దెబ్బో అనుమానమో తప్పదని ఆడవాళ్లే వెళ్లేవారు.

కర్ఫ్యూలో ముందు ఆగిపోయేది చెత్త బండి. దాని గురించి ఎవరూ రాయరు. మూలమీది కుండీ నిండి పొర్లుతుంది, మోరీ నిండుతుంది, చచ్చిన ఎలుకలు, కుళ్లిన కూరగాయలు, పసిపిల్లల గుడ్డలు, అన్నీ అక్కడే. దాని మీద గొడవ తెచ్చిన చెత్త వేరే. పగిలిన సోడా సీసాలు, ఇటుక పెళ్లలు, కాలిన తోపుడు బండ్ల చెక్కలు, షట్టరు రేకులు. టైరు కాలిపోతే రబ్బరు పోయి లోపలి ఇనుప తీగలు చుట్టలుగా మిగులుతాయి. చెప్పుల్లేని పిల్లల కాళ్లలో అవే దిగబడతాయి. ఈ పుస్తకంలో ఒక దర్జీ ఆవిడ చెప్పిన మాట చదివి నేను ఆగిపోయాను. బూడిద మీద నీళ్లు కొట్టొద్దంటుంది ఆమె. తడిస్తే అది ముద్దయి మోరీలో పేరుకుపోయి వారం రోజులు ఇళ్లలోకి మురుగు తన్నుతుంది, పొడిగా ఉన్నప్పుడే పారతో ఎత్తి గోనెసంచుల్లో నింపాలి, గాజు పెంకులను వేరే డబ్బాలో వేయాలి, లేకపోతే సంచి ఎత్తేవాళ్ల చేతులు తెగుతాయి. మనిషి ఎన్నిసార్లు ఆ పని చేసి ఉంటే ఇంత తెలుస్తుంది! తెలంగాణ ఇళ్లలో పొద్దున్నే వాకిలి ఊడ్చి సానుపు చల్లే అలవాటు వల్ల ఆడవాళ్లకు నీళ్ల బకెట్ ముందు చేతికొస్తుంది. ఆ బకెట్‌ను ఆపి పారను ఇచ్చింది అనుభవమే.

అయితే ఈ పుస్తకంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కదిలించింది రెండో అధ్యాయం. గల్లీ ఊడుద్దామని కొందరు యువకులు ఉత్సాహంగా బయల్దేరితే, ఒక ముసలాయన వాళ్లను ఆపాడట. ఆయన ఒకప్పుడు కోర్టులో అర్జీలు రాసేవాడు. పిల్లవాడి నోటుబుక్ ఒకటి తెప్పించి, ఒక్కో దుకాణం ముందు నిలబడి, ఏం పోయిందో, ఎంత కాలిందో, ఏది మిగిలిందో యజమాని నోట చెప్పించి రాశాడు. పక్కింటివాళ్లిద్దరితో సంతకాలు పెట్టించాడు, అందులో ఒకరు అవతలి మతం వాళ్లు ఉండేలా చూశాడు. ఆ తర్వాతే చీపుర్లు కదిలాయి.

ఇది చిన్న విషయం కాదు. కాలిన దుకాణం శుభ్రంగా కడిగేస్తే చూడ్డానికి బాగానే ఉంటుంది. పరిహారం అడగడానికి మాత్రం ఏమీ మిగలదు. పోలీసులు ఎఫ్‌ఐఆర్ రాయాలన్నా, రెవెన్యూవాళ్లు పంచనామా చేయాలన్నా నష్టం కంటికి కనపడాలి. బీమా ఉన్న దుకాణమైతే సర్వేయరు వచ్చి చూసేదాకా ఏదీ కదపకూడదు. అప్పటి అగ్నిప్రమాద పాలసీల్లో 15 రోజుల్లోగా నష్టం వివరాలు రాతపూర్వకంగా ఇవ్వాలన్న షరతు ఉండేది. కర్ఫ్యూలో ఇంట్లో కూర్చున్న చిల్లర కొట్టు మనిషికి ఆ 15 రోజులు ఎలా గడిచి ఉంటాయో ఊహించుకోండి. పాతబస్తీలో తోపుడు బండివాళ్లకూ, గాజులు అంటించేవాళ్లకూ, పతంగులు కట్టేవాళ్లకూ అసలు బీమాయే ఎక్కడిది? వాళ్లకు ఉన్న సాక్ష్యమల్లా ఆ బూడిదకుప్పే. దాన్ని మంచి మనసుతో ఎత్తి పారేసినా వాళ్ల నోటి దగ్గర ముద్ద తీసినట్టే అవుతుంది. సేవ చేయడానికి వెళ్లేవాళ్లు ఈ అధ్యాయం చదవకుండా వెళ్లొద్దని నా ప్రార్థన.

ఊడ్చే ముందు ఇలా ఆగడం లండన్‌లో కూడా జరిగింది. 2011 ఆగస్టులో పోలీసు కాల్పుల్లో మార్క్ డగ్గన్ అనే యువకుడు చనిపోయాక టాటెన్‌హామ్‌లో మొదలైన అల్లర్లు ఊరంతా పాకాయి. 9వ తేదీ పొద్దున క్లాపమ్ జంక్షన్ దగ్గర వందలాది మంది చీపుర్లు పట్టుకుని వచ్చి నిలబడ్డారు. ఆ చీపుర్లన్నీ ఒక్కసారిగా పైకెత్తిన ఫోటో ప్రపంచమంతా తిరిగింది. ఆ ఫోటో చూసినవాళ్లకు ఒక సంగతి తెలియదు. వాళ్లు గంటల తరబడి ఊడవకుండా వేచి ఉన్నారు, ఎందుకంటే లోపల పోలీసులు ఆధారాలు సేకరిస్తున్నారు. అక్కడ 1886 నాటి చట్టం ఒకటి ఉండేది, అల్లర్లలో నష్టపోయినవాళ్లకు పరిహారం అడిగే హక్కు ఇచ్చేది. అర్జీ పెట్టుకోవడానికి గడువు 14 రోజులే. ఆ ఏడాది దాన్ని 42 రోజులకు పెంచారు. పెకమ్ అనే చోట పగిలిన దుకాణం అద్దానికి కొట్టిన చెక్కల మీద జనం చిన్న చిన్న కాగితాలు అంటించి తమ మాటలు రాశారు. దాన్ని పీకి పారేయకుండా తర్వాత శాశ్వతమైన గోడగా నిలబెట్టారు. ఏది ఊడ్చాలో ఏది ఉంచాలో తెలిసినవాళ్లు చేసిన పని అది. మన గల్లీలో ఆ అర్జీల ముసలాయనకు ఆ తెలివి ఎవరూ నేర్పకుండానే ఉంది.

చీపుర్లు పట్టిన మంచివాళ్లను మెచ్చుకునేటప్పుడు ఒక మాట పక్కకు పోతుంటుంది. ఆ మాట ఈ అమ్మాయి పక్కకు పోనివ్వలేదు. గల్లీవాళ్లు ఒక పూట ఊడుస్తారు. మిగిలిన ఏడాదంతా ఊడ్చేది కామాటన్లు. మున్సిపాలిటీలో వాళ్లను ఆ పేరుతోనే పిలిచేవారు, ఇప్పటికీ చాలామంది నోట అదే మాట. తెల్లవారుజామున వచ్చి, హాజరు వేయించుకుని, పొడుగాటి చీపురుతో రోడ్డు సగం ఊడ్చేసరికి మనం నిద్ర లేస్తాం. వాళ్లలో ఎక్కువమంది దళిత స్త్రీలు. కర్ఫ్యూ సడలించగానే వాళ్లను కూడా రమ్మన్నారు. ఊరి మీద భయం అందరికీ ఉంటుంది, వాళ్లకు మాత్రం దాన్ని ఇంట్లో పెట్టి రాకతప్పదు. 1869లో సాలార్‌జంగ్ కాలంలో ఈ నగరానికి మున్సిపాలిటీ ఏర్పడినప్పటి నుంచి 2007 ఏప్రిల్‌లో గ్రేటర్ కార్పొరేషన్ అయ్యేదాకా, ఆ తర్వాత కూడా, పాతబస్తీ శుభ్రత వాళ్ల వెన్నెముక మీదే నిలిచింది. ఈ పుస్తకంలో ఒక కామాటన్ చెప్పిన నాలుగు పేజీలు ఉన్నాయి. గల్లీవాళ్లు ఆ రోజు తనకు టీ ఇచ్చారని, కప్పులో ఇచ్చారని, వాళ్లు తాగే కప్పులోనే ఇచ్చారని ఆమె మూడుసార్లు చెబుతుంది. రచయిత్రి దానికి ఏ వ్యాఖ్యానమూ జోడించలేదు. అలా ఉంచడం ఈ వయసులో అంత సులువు కాదు.

ఇరుగుపొరుగు గురించి మాట్లాడేటప్పుడు పాతబస్తీలో పెద్దవాళ్లం అలవాటుగా చెప్పే మాటలు కొన్ని ఉన్నాయి. ఈద్‌కు షీర్‌ఖుర్మా వాళ్లింటి నుంచి వచ్చేది, పండక్కి పూర్ణాలు మనింటి నుంచి వెళ్లేవి, బోనాలకూ మొహర్రం ఊరేగింపుకూ ఒకే ఏనుగు నడిచేది. ఇవన్నీ నిజాలే, నేను చూసినవే. కానీ 1990లో ఈ నిజాలు చాలలేదు. వార్ష్ణేయ్ చెప్పిన మాట ఇక్కడ బాగా పనికొస్తుంది. ఇంటి ముందు పలకరింపులు, పండగ వంటలు ఇచ్చిపుచ్చుకోవడాలు మంచివే గానీ, పథకం ప్రకారం గొడవ లేపేవాళ్లు వచ్చినప్పుడు అవి తట్టుకోలేవంటారు ఆయన. కలిసి పనిచేసే సంఘాలు, వృత్తులు, బడులు, వ్యాపారాలు ఉంటే తట్టుకుంటాయట. లక్నోలో చికన్ పని చేసే ముస్లిం చేతివృత్తులవాళ్లకూ, దాన్ని అమ్మే హిందూ వర్తకులకూ ఒకరు లేనిదే ఒకరికి పూట గడవదు. ఆ ముడి ఎన్నో ఉద్రిక్తతల్లో నిలబడింది. మన పాతబస్తీలో అలాంటి ముడి బలంగా లేకపోయింది.

ఆయన చెప్పింది నాకు ఒప్పుదలే. అయితే ఆ సంఘాలు ఎక్కడి నుంచి వస్తాయి అన్న ప్రశ్నకు ఈ పుస్తకం ఒక జవాబు చూపిస్తుంది. గల్లీ ఊడ్చిన పొద్దున నలుగురి పేర్లు తెలుస్తాయి. ఎవరింట్లో డయాబెటిస్ ముసలమ్మ ఉందో, ఎవరి కొడుకు ఠాణాలో ఉన్నాడో, ఎవరికి కర్ఫ్యూ పాస్ దొరికిందో తెలుస్తుంది. మర్నాడు పాల కోసం, ఆ వారం మందుల కోసం, నెల తర్వాత బడి ఫీజుల కోసం అదే నలుగురు కలుస్తారు. ఇది ఊహ కాదు. 1930లో లాహోర్‌లో మొదలై 1971లో హైదరాబాద్‌కు వచ్చిన హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ మతాల మధ్య సంభాషణ కోసం పనిచేసే విద్యాసంస్థ. 1990 అల్లర్ల తర్వాత సహాయం పట్టుకుని సుల్తాన్ షాహీకి వచ్చింది. వచ్చినవాళ్లు బియ్యం, దుప్పట్లు పంచి వెళ్లిపోలేదు. పిల్లలకు చదువు, ఆడవాళ్లకు కుట్టుపని నేర్పే పని అక్కడే పెట్టుకున్నారు. ఆ అల్లర్ల అనుభవం నుంచే కోవా పుట్టింది. మజ్హర్ హుస్సేన్ గారు నడిపిన ఆ సమాఖ్య గల్లీ గల్లీలోని చిన్న సంఘాలను ఒకదానితో ఒకటి కలిపింది. 2002లో ఉర్దూ కవయిత్రి జమీలా నిషాత్ గారు అదే సుల్తాన్ షాహీలో ఆడవాళ్ల కోసం షాహీన్‌ను మొదలుపెట్టారు. ఇవన్నీ సేవాసంస్థల పేర్లుగా వింటాం. దగ్గరగా చూస్తే ప్రతి దాని వెనుకా ఎవరో ఒకరు గొడవ తర్వాత గల్లీలోకి వచ్చి, తిరిగి వెళ్లకుండా ఉండిపోయిన కథ ఉంటుంది.

2010 మార్చి చివర్లో మూసాబౌలి దగ్గర జెండాల తగాదాతో మొదలైన గొడవ పాతబస్తీలో చాలా ఠాణాల పరిధిలో మళ్లీ కర్ఫ్యూ తెచ్చింది. అప్పటికి చేతుల్లో సెల్‌ఫోన్లు వచ్చాయి. ఆ గొడవ మీద రాసిన అధ్యాయంలో పుకార్లను ఫోన్లోనే ఆపిన ఇద్దరు పొరుగింటి ఆడవాళ్ల సంభాషణ ఉంది, "ఆపా, మీ గల్లీల ఏమన్న అయిందా?" అని ఒకరు, "ఏం కాలె అమ్మా, నువ్వు పిల్లల్ని పండుకోబెట్టు" అని మరొకరు. నేను దాన్ని ఇంకా పెద్దగా రాయమన్నాను. ఆమె ఉన్నదింతే సార్ అంది. సరే.

2020 అక్టోబర్ 13 రాత్రి వానకు, ఆ తర్వాత గుర్రం చెరువు కట్ట తెగడానికి హాఫిజ్ బాబానగర్ చుట్టుపక్కల ఇళ్లు మునిగిన సంగతి చివరి అధ్యాయంలో వస్తుంది. మోకాలి లోతు బురద ఎత్తడానికి యువకులు ఎంతమంది వచ్చారో మనమందరం చూశాం. 1908 సెప్టెంబర్ 28 మూసీ వరద నాటి నుంచి ఈ ఊరికి ఆ పని తెలుసు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది బతికారని ఇప్పటికీ చెప్పుకుంటాం. కానీ వరదను, అల్లర్లను ఒకే గాటన కట్టడం నాకు నచ్చలేదు, ఆ మాట ఆమెతో కూడా అన్నాను. చెరువు తెగినప్పుడు పక్కింటివాడి మీద ఎవరికీ అనుమానం ఉండదు. అల్లర్లలో కాలిన షట్టరు ముందు నిలబడ్డప్పుడు, పక్కన పార పట్టిన మనిషి అన్నయ్యో, మేనల్లుడో దాన్ని కాల్చి ఉంటాడా అన్న ఆలోచన వస్తుంది. అయినా ఆ మనిషి చేతి నుంచి తట్ట అందుకోవాలి. ఆ పొద్దున ఆ తట్ట అందుకున్నవాళ్లకు నేను చేతులెత్తి మొక్కుతాను. రాయి విసిరిన పిల్లవాడు కూడా ఈ గల్లీవాడే కాబట్టి, వాడి చేతికి కూడా ఒక చీపురు ఇచ్చి పక్కన నిలబెట్టుకోవాలని నా కోరిక. వాణ్ణి చెత్తతో పాటు ఎత్తి పారేస్తే రేపు మళ్లీ వస్తాడు.

ఈ పుస్తకంలో నాకు లోటు అనిపించినది ఒకటుంది. తిరిగి రానివాళ్లు ఇందులో లేరు. ప్రతి గొడవ తర్వాత పాతబస్తీ నుంచి కొన్ని కుటుంబాలు ఇల్లు దొరికిన ధరకు అమ్ముకుని వెళ్లిపోయాయి. కలిసి ఉన్న గల్లీల నుంచి హిందువులు ఒకవైపు, ముస్లింలు మరొకవైపు సర్దుకున్నారు. ఒకప్పుడు మా వాకిట్లో రెండు భాషల్లో తిట్లు, రెండు భాషల్లో ముద్దుమాటలు వినిపించేవి. ఇప్పుడు చాలా గల్లీల్లో ఒకటే వినిపిస్తుంది. వెళ్లిపోయినవాళ్లు దిల్‌సుఖ్‌నగర్‌లో, టోలీచౌకిలో, ఎక్కడెక్కడో ఉన్నారు. వాళ్ల వాకిళ్లను ఆ రోజు ఎవరు ఊడ్చారో వాళ్లకే తెలియదు. ఊడ్చినవాళ్లు ఇంకా ఇక్కడే ఉన్నారు. వాళ్లిద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెడితే ఇంకో పుస్తకం అవుతుంది. ఆ పని ఈమే చేయాలి, ఇంకెవరికీ ఆ తలుపులు తెరుచుకోవు.

రచన గురించి ఒక మాట. ఎవరి మాట వాళ్ల భాషలో ఉంచింది. శాలిబండ అత్తయ్యలు తెలంగాణ తెలుగులో, మొఘల్‌పురా ఖాలాలు దక్కనీలో, గుజరాతీ బట్టల వ్యాపారి తన మూడు భాషల కలగలుపులో మాట్లాడతారు. ఎక్కడా దాన్ని చదువుకున్నవాళ్ల భాషలోకి దిద్దలేదు. తప్పొప్పుల ఎర్రకలంతో నలభై ఏళ్ల అలవాటున్న చేయి నాది. ఒక్క అక్షరం దిద్దలేదు.

దక్కనీలో మాట్లాడినవాళ్లలో చాలామందికి తెలుగు లిపి చదవడం రాదు. వాళ్ల మాటలు వాళ్ల చేతికి పుస్తకంగా వెళ్లాలంటే ఉర్దూలో కూడా రావాలి. మొఘల్‌పురాలో ఉండే ఒక పాత మిత్రుడు, రిటైరైన ఉర్దూ ఉపాధ్యాయుడు, అనువాదం చేసిపెడతానన్నారు. మొదటి రెండు అధ్యాయాలు పూర్తయ్యాయి. ప్రూఫులు చూడటానికి రంజాన్ తర్వాత కూర్చుందామని అనుకున్నాం. అచ్చు ఖర్చుకు సాయం చేయదలచినవాళ్లు ప్రచురణకర్తను అడగండి. అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి, సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయానికి రెండు భాషల ప్రతులూ చేరేలా నేను చూసుకుంటాను.